పద్నాలుగంకెల చుట్టాలు

ఇంకో ఆరు నిమిషాలు అంటోంది కొత్త ఫోను. అరగంట నుంచీ అదే మాట. ఆరు నిమిషాల్ని అరగంటసేపు సాగదీయగల మనిషిని సూర్యకాంతమ్మ ఇప్పటిదాకా ఒక్కణ్ణే చూసింది, తాళి కట్టినవాణ్ణి. రేవులో కాలు పెట్టగానే ఫోన్ చేసి వొచ్చేత్తన్నానే అంటాడు వరహాలు, పులుసు రెండుసార్లు చల్లారి రెండుసార్లు వెచ్చబడ్డాక గానీ గుమ్మంలో కనిపించడు. కానీ వస్తాడు, ఎంత ఆలస్యమైనా వస్తాడు, ఆ నమ్మకం మీదే ఇరవై ఆరేళ్ళ కాపురం నడిచింది. ఈ ఫోను మాట అలా నమ్మడానికి లేదు, దీనితో పరిచయం గంట కూడా కాలేదు. గాజుబల్ల మీద పాతదాన్నీ కొత్తదాన్నీ ఆనించి పెట్టి, కదపకండి పిన్నీ, కదిపితే మల్లీ మొదటికొత్తాది అని చెప్పి, కొట్టులో పనిచేసే అమ్మాయి శ్రీవల్లి ఇంకెవరి ఫోనుకో గ్లాసు అంటించడానికి వెళ్ళింది. సూర్యకాంతమ్మ కదపలేదు. ఊపిరి కూడా పక్కకి తిప్పి వదుల్తోంది. వన్‌టౌన్ కదా, పొద్దున తుడిచిన గాజు మీద మధ్యాహ్నానికే పోర్టు బొగ్గుపొడి సన్నగా పరుచుకుంది, వేలితో గీస్తే గీత పడుతోంది, గీసింది, ఊరికే ఒక అంకె వేసింది, పక్కన రెండోది, మూడోది, అంతలో అరచేత్తో మొత్తం చెరిపేసింది.

ఆ అంకె ఎవరైనా చూస్తే కొంపలంటుకుంటాయి. పాత ఫోన్లో ముప్ఫై ఎనిమిది తావులున్నాయి. సముద్రంలో చేపలు ఎక్కడ పడితే అక్కడ ఉండవు, అడుగున రాళ్ళున్న చోట గుంపు కడతాయి, ఆ రాళ్ళే వలని పీలికలు కూడా చేస్తాయి, ఏది చేప పెట్టే రాయో ఏది వలని కొట్టే రాయో తెలిసినవాడే డ్రైవరు, తెలియనివాడు బోటులో ఇంకో ప్రయాణికుడు. ఒక్కో తావుకి పద్నాలుగంకెలు, మొదటి ఏడూ ఉత్తరానికెంతో, తర్వాతి ఏడూ తూర్పుకెంతో. బోటు మీద ఆ అంకెలు చూపించే మిషను ఉంటుంది గానీ బోటూ ఓనరుదే, మిషనూ ఓనరుదే, అందుకని ఏ డ్రైవరూ తన తావుల్ని అందులో దాచడు, రేవు కనిపించేసరికి చెరిపేసి దిగుతాడు. ఓనరు మారితే బోటు మారుతుంది, తావులు మాత్రం డ్రైవరు వెంట పోతాయి. వరహాలుకి ఈ ఏడు ఓనరు మారాడు. కొత్త బోటు, వల లాగే కళాసులూ కొత్తవాళ్ళే, ఖాళీ మిషను. వేట నిషేధం అరవై ఒక్క రోజులూ ఇవాళ్టితో సరి, ఈ రాత్రి బోట్లన్నీ కదులుతాయి, నాలుగింటికి వరహాలు ఈ కొట్టుకే వచ్చి ఫోను పట్టుకుని అటునుంచి అటే రేవుకి పోతాడు. ఇప్పుడు మూడు కావస్తోంది. మొదటి వేటలోనే వల చింపుకొచ్చిన డ్రైవర్ని ఏ ఓనరూ రెండో వేటకి పిలవడు, యాభై రెండేళ్ళ డ్రైవర్ని అసలే పిలవడు. పాత ఫోను బాటరీ ఉబ్బి అద్దాన్ని పైకి తన్నేసింది కాబట్టి కొత్తది కొనక తప్పలేదు. తావులు ఇందులోంచి అందులోకి చేరితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు, పాటలొద్దు, ఫోటోలొద్దు, పెళ్ళి వీడియోలు అసలే వద్దు.

అంకెలు రాయడం మొదట్నుంచీ ఆమె పనే. ఇంట్లో ఏడో తరగతి దాకా చదివింది ఆమె ఒక్కతే. వరహాలు సిగరెట్టు పెట్టె అట్ట మీద గీసుకొచ్చింది ఆమె చేతిలో పెడితే, ఆమె బౌండు పుస్తకంలో ఎక్కించేది. ఒకసారి తోడల్లుడు అన్నానికొచ్చి, ఆమె చేయి కడిగే చెంబు తెచ్చేలోపల నాలుగు పేజీలు ఫోటో తీసుకుపోయాడు, పులుసు బాగుందొదినా అని మెచ్చుకుంటూ మరీ. మర్నాడు పుస్తకం పొయ్యిలోకి పోయింది, అంకెలు ఫోన్లోకి వచ్చాయి. ఫోన్లో అంకెలు పెట్టడానికి ఆమెకి తెలిసిన చోటు ఒక్కటే, మనుషుల పేర్ల పక్కన. మొదట్లో బతికున్నవాళ్ళ పేర్లే పెట్టింది. పక్కింటి రోజారమణి పేరు ఒక రాయికి పెడితే, ఆ రాయి మీద వల చిరిగిన వారంలోనే రోజారమణి మెట్లమీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. రోజారమణికి ఏమీ తెలీదు, సూర్యకాంతమ్మకి తెలుసు, నెల్లాళ్ళు ఆ ఇంటికి కూర పంపించింది. అప్పట్నుంచీ పోయినవాళ్ళ పేర్లే. పోయినవాళ్ళకి కొత్తగా విరిగేదేమీ ఉండదు, వాళ్ళకెవరూ ఫోన్ చెయ్యరు, ఎవరైనా ఫోను తెరిచి చూసినా పాపం చుట్టాల పేర్లు తీసెయ్యలేకపోయిందనుకుంటారు. గుణాన్ని బట్టి పేరు పెట్టింది. వలని చీల్చే రాయి అత్త. కోనేలు, మంచి ధర పలికే చేపలు, పెట్టే రాయి అమ్మ. అత్త చచ్చిన ఆర్నెల్లకి కోడలి కంట నీరొచ్చిందంటారు, ఈమెకి తొమ్మిదేళ్ళయినా రాలేదు, కానీ వల బాగుచేసుకుంటూ కూచున్నప్పుడల్లా గుర్తొచ్చేది, కాబట్టి అదీ ఒక తలపే అనుకోవాలి.

టింగుమంది కొత్త ఫోను. ఆరు నిమిషాలు ఉన్నట్టుండి అయిపోయాయి, మధ్యలో అయిదూ నాలుగూ ఏమీ లేవు. సూర్యకాంతమ్మ పేర్ల జాబితా తెరిచింది. అకారంతో మొదలు. అత్త ఉంది. అత్త తర్వాత అమ్మ ఉండాలి, లేదు. పైకి లాగింది, కిందికి తోసింది, అమ్మ లేదు. అడుగున చిన్న అక్షరాలు నడుస్తున్నాయి, ఒకటే అయిన నంబర్లని కలిపి మీ జాబితాను శుభ్రం చేస్తున్నాం అని. శుభ్రం చెయ్యమని ఎవరు అడిగారు దీన్ని?

“ఓలమ్మీ, ఇలా రా,” అంది.

శ్రీవల్లి వచ్చి వంగి చూసింది. “అదేటి పిన్నీ, మంచిదే కదా. ఒకటే నంబరు రెండుసార్లుంటే అదే కలిపీసి ఒకటి తీసీత్తాది.”

“ఒకటే నంబరు కాదు. మా అమ్మదీ మా అత్తదీ ఒకటెలాగవుతాదే?”

శ్రీవల్లి అత్త పేరు నొక్కి అంకెలు చూసింది, వేలుతో లెక్కపెట్టింది, మళ్ళీ లెక్కపెట్టింది. “ఇంత పొడుగేటి పిన్నీ. మీ అత్తగారు ఏ ఊర్లో ఉంతారు?”

“ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు.”

పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, రైతింటి పిల్ల, చెప్పనిదాన్ని తవ్వకూడదని ఎవరో నేర్పారు. కొంచెం గొంతు తగ్గించి చెప్పింది, “ఇది సివరి ఏడంకెలే సూత్తాది పిన్నీ. అవి కలిస్తే ఒకటే మనిసనుకుంతాది. కొత్త మోడల్లో ఆ తప్పున్నాది, మొన్నొకాయన కూడా గొడవెట్టినాడు. కంపెనీవోల్లు సరిసేత్తారంట.”

“ఎప్పుడు?”

“వొచ్చే నెల్లో.”

వచ్చే నెల. ఈ రాత్రి బోటు వెళ్తోంటే వచ్చే నెల. చివరి ఏడంకెలంటే తూర్పు అంకెలు. అత్త రాయీ అమ్మ రాయీ ఒకే నిలువు గీత మీద ఉన్నాయి, ఒకదానినుంచి ఇంకోదానికి వరహాలు చుక్కాని తిప్పకుండా పోతాడు, కాబట్టి రెండింటికీ తూర్పు అంకెలు ఒకటే. బతికినన్నాళ్ళూ ఒక పీట మీద కూచోని ఇద్దరు ఆడవాళ్ళని ఈ ఫోను ఒక్క నిమిషంలో ఒకరిని చేసేసింది, చేసి, అత్తని ఉంచి అమ్మని తీసేసింది. ఆమెకి నవ్వొచ్చింది కూడా, నిజంగా వచ్చింది, కానీ అప్పుడే కన్ను పాత ఫోను మీద పడింది. అందులోనూ అత్త తర్వాత అమ్మ లేదు. రెండూ ఒకే మెయిల్ మీద ఉన్నాయిట, కొత్తదాంట్లో శుభ్రం చేసింది పాతదాంట్లోకీ పాకుతోందిట, శ్రీవల్లి ఏదో చెబుతోంది గానీ ఆమె వినడం లేదు, పైనుంచి కిందికి వరసగా తినుకుంటూ వస్తోందన్నది ఒక్కటే అర్థమైంది. ఇల్లు అంటుకున్నప్పుడు కారణాలు ఎవడడుగుతాడు. పాత ఫోను పైభాగం కిందికి లాగి విమానం బొమ్మ మీద వేలు పెట్టి నొక్కింది. ప్రతి వేటకీ ముందు వరహాలు చేత తనే నొక్కించేది, సముద్రంలో సిగ్నలు కోసం వెతికి వెతికి బాటరీ అయిపోకుండా. సిమ్ము కూడా పీకి రవికలో దోపుకుంది. జాబితా కదలడం ఆగింది. మెల్లగా లెక్కపెట్టుకుంది, పద్నాలుగంకెలవాళ్ళు ముప్ఫై ఏడుగురు, అంటే పోయింది అమ్మ ఒక్కతే. బాటరీ పదమూడు.

“సార్జింగ్ ఎట్టు,” అంది.

“ఎట్టను పిన్నీ. ఎంత ఉబ్బిపోనాదో సూడండి, పేలిపోద్ది. మా సారు సంపీత్తాడు నన్ను.”

“పోనీ ఫోటో తియ్యి.”

తీసింది. పైకి లేచిపోయిన అద్దం, వెనక వణికే వెలుగు, ఫోటో నిండా అడ్డగీతలు, ఎనిమిదో మూడో తెలియడం లేదు. ఎనిమిదికీ మూడుకీ మధ్య అయిదు మైళ్ళ నీళ్ళుంటాయి. మీరు సదవండి పిన్నీ నాను కొత్తదాంట్లో కొట్టీత్తాను అంది శ్రీవల్లి, మంచి మాటే, కానీ బల్లకి ఆ చివర రబ్బరు చెప్పులేసుకుని రీచార్జి కోసం నిలబడ్డ మనిషి రేవు మనిషి, ఏ బోటో తెలీదు, చెవులు మాత్రం రెండున్నాయి. కొత్తదాన్ని ఇంక నమ్మడానికీ లేదు, సూర్యకాంతమ్మ పెన్ను అడిగింది, కాగితం అడిగింది. నిరుటి డైరీ ఒకటి, ఒక్క పేజీ కూడా రాయనిది, శ్రీవల్లి సొరుగులోంచి తీసిచ్చింది. పన్నెండు శాతం. ముందు అమ్మ సంగతి తేల్చాలి. కొట్టు ఫోనులోంచి వరహాలు జేబులో ఉండే బటన్ల చిన్న ఫోనుకి చేసింది. వెనక ఐసు కొట్టే మిషను హోరు, ఎవరో పసుపు ఏదిరా అని అరుపు, గంగమ్మ పూజ మొదలుపెడుతున్నట్టున్నారు. అంకెలు అడగడానికి లేదు, చెప్పడానికి లేదు, చుట్టూ కొత్త కళాసులు.

“మావా, మీ అమ్మింటికీ మా అమ్మింటికీ దూరమెంత?”

ఇద్దరు ముసలివాళ్ళూ బతికున్నప్పుడు రెండిళ్ళకీ మధ్య ఒక కుళాయి అడ్డం, అంతే.

“రెండుంబావు మైల్లు,” అన్నాడు వరహాలు. పక్కన ఎవరో నవ్వారు.

“ఎటేపు?”

“ఉత్తరానికి. నిట్టనిలువున. ఏటైనాదే సూరీ?”

“ఏటీ అవనేదు. నువ్వు ఐసు ఎక్కించుకో.”

ఒక నిమిషమంటే ఒక మైలని పెళ్ళైన కొత్తలో కాదు, పెళ్ళైన పదేళ్ళకి, పులుసన్నం తింటూ ఎంగిలి వేలితో కంచంలో గీసి చెప్పాడు వరహాలు. అంతకు ముందు అడిగితే నీకెందుకనేవాడు. అత్త అంకెల్లో పదిహేడు తర్వాత ముప్ఫై అయిదు, దానికి రెండు కలిపితే ముప్ఫై ఏడు. పావు అంటే వెయ్యిలో రెండొందల యాభై, అత్తవి రెండొందల పది, మొత్తం నాలుగొందల అరవై. తూర్పు అంకెలు అత్తవే అమ్మవీ. రాసింది, రాసి చూసుకుంది. లెక్క కుదిరింది గానీ కుదిరిన లెక్కలన్నీ నిజం కావు కదా. అప్పుడు ముప్ఫై ఏడు దానంతట అదే పలికింది. అమ్మకి ముప్ఫై ఏడో ఏట నాన్న పోయాడు. వరహాలు ఈ తావు తెచ్చిన రోజు సిగరెట్టు అట్ట మీద ఆ అంకె చూసే ఈ రాయికి అమ్మ పేరు పెట్టింది తను, కోనేలు పడ్డాయని ఆ తర్వాత కదా తెలిసింది, గుణం చూసి పెట్టానని తనకి తనే చెప్పుకుంది ఇన్నాళ్ళూ. అమ్మ ముప్ఫై ఏడో ఏట తెల్లచీర కట్టుకోలేదు, నీలం చీర కట్టుకుని తట్ట నెత్తిన పెట్టుకుని కొత్తరోడ్డులో కూచుంది, ఎవరేమన్నా అననీ. అమ్మ దొరికింది. పదకొండు శాతం.

పైనుంచి తింటూ వచ్చింది కాబట్టి తను కిందినుంచి మొదలుపెట్టింది. ఫోను ఇప్పుడు ఏమీ తినడం లేదని తెలుసు, అయినా దానికి ఎదురెళ్ళడమే ఆమెకి బాగుంది. సాయిశంకర్. వరహాలు స్నేహితుడు, మార్నింగ్ షో మనిషి, కొత్త బొమ్మ పడితే పెళ్ళి కూడా వాయిదా వేసుకునే రకం, పచ్చకామెర్లతో పోయాడు. ఆ తావూ అంతే, తెల్లారుతూనే వల వేస్తే పెడుతుంది, ఎండెక్కిందా ఖాళీ. ఒకటి ఏడు నాలుగు రెండు, పెన్ను ఆగకూడదు, ఎనిమిది ఎనిమిదిలాగే ఉండాలి, నడుం సన్నగా, మూడు తెరుచుకుని. రత్నం పిన్ని. పిన్ని కబుర్లు మొదలెడితే లేవనిచ్చేది కాదు, అక్కడ నీళ్ళ వాలు కూడా వలని పట్టుకుని వదలదు, రెండు గంటలకి లాగాల్సింది నాలుగు గంటలు. అయినా వట్టి చేతుల్తో పంపలేదెప్పుడూ, పిన్నీ అంతే, వెళ్ళొస్తానంటే పిడికెడు సెనగలైనా కొంగులో పోసేది. పైన ఇంకా పైడితల్లి పెద్దమ్మ, నూకరాజు తాత ఉన్నారు, అందరి అంకెలూ చేతికి అలవాటై ఉన్నాయి, ఇరవై ఏళ్ళుగా ఎవరికీ కనపడని ఒక ఊరు ఈ చెయ్యి కట్టింది, ఆ ఊర్లో వీధులన్నీ తెలుసు, ఒక్కసారైనా చూసింది లేదు. ఆడది బోటెక్కకూడదంటారు. ఎక్కకపోయినా తను లేకుండా ఆ బోటు ఎటూ పోదని వరహాలుకి తెలుసు, పైకి అనడు.

మాస్టారు. గురునాథరావు మాస్టారు. ఏడు తర్వాత బడి మానిపించినప్పుడు ఎండలో గొడుగేసుకుని ఇంటికొచ్చి, ఎండుచేపల పందిరి పక్కన ముక్కు కూడా మూసుకోకుండా నిలబడి, దీని చేతిరాత పాడుచెయ్యకండమ్మా అన్నాడు. చదువు అనలేదు, చేతిరాత అన్నాడు, చదువు ఎలాగూ పోయిందని ఆయనకి తెలిసిపోయినట్టుంది. ఏడాదికి ఒక్క కార్తీకంలో తప్ప పెట్టని తావుకి ఆయన పేరు పెట్టింది, పరీక్షలప్పుడు తప్ప నవ్వని మనిషని. ఇప్పుడు డైరీలో అంకెలు నిటారుగా నిలబడి ఉన్నాయి, ఒక్కటీ వాలలేదు. ఏడు శాతం. అద్దం మీద కుడివైపు నల్లటి మచ్చ ఒకటి పెద్దదవుతోంది, పేరు తెరిచి ఫోను పక్కకి తిప్పితే తప్ప చివరి రెండంకెలు కనపడవు. మెడ నొప్పెడుతోంది. శ్రీవల్లి నీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టి, తనలో తను అన్నట్టు అంది, “మా నాన్న కూడా నారు పోసిన తేదీలు నా ఫోన్లోనే ఎట్టించుకుంతాడు. కాయితమంటే నమ్మకం నేదు.” సూర్యకాంతమ్మ తలెత్తకుండానే అంది, “కాయితం మీద కూడా రాయించు. ఇవాలే రాయించు.” ఆరు. అయిదు. చుక్కమ్మ, ఆ వరసలో మిగతావాళ్ళు, వాళ్ళని తలుచుకోవడానికి తీరిక లేదు, అంకెలొక్కటే, క్షమించండి, వేట అయ్యాక తలుచుకుంటాను. చ అయిపోయింది, గ వచ్చింది.

గోపి. కింద ఇంకో గోపి. పెన్ను ఆగింది. ఒక గోపికి పదంకెలు, ఇంకో గోపికి పద్నాలుగు. పద్నాలుగంకెల గోపి దగ్గర ఎవరూ వల వెయ్యరు, రాయక్కర్లేదు, దాటి పోవచ్చు, ఇన్నాళ్ళూ దాటే పోయింది. దాటింది. కనకయ్య, ఇంద్రజక్క, ఆపైన అత్త, అత్త ముఖం కూడా చూసి రాసింది, ఒక్క అంకె కూడా తప్పు పోనివ్వలేదు, తప్పు పోతే నష్టం మనకే. మొత్తం లెక్కపెట్టింది. ముప్ఫై ఏడు. అమ్మతో కలిపి. మళ్ళీ లెక్కపెట్టింది, మళ్ళీ ముప్ఫై ఏడే. ఉండాల్సింది ముప్ఫై ఎనిమిది. రెండు శాతం. ఏం దాటుకుపోయిందో తెలుసు, తెలిసే కదా దాటింది, అయినా వేలు తనంతట అది వెనక్కి వెళ్ళి గ దగ్గర ఆగింది. ఇది ఆగిపోతే మళ్ళీ ఎప్పటికీ దొరకదు. రాసింది. పద్నాలుగూ రాసింది. ఎనిమిది మూడులా పడింది, కొట్టేసి మళ్ళీ సరిగ్గా వేసింది. ఆ తర్వాత అద్దం నల్లబడిపోయింది, పాత ఫోను మళ్ళీ వెలగలేదు.

గోపి తమ్ముడు. అమ్మ చేపల తట్టతో బయటికెళ్తే చంకనేసుకు తిరిగింది తను. ఆరేళ్ళ కిందట అక్టోబరులో, గాలి లేచినప్పుడు, వల లాగుతూ జారాడు, ఇరవై నాలుగేళ్ళవాడు, ఈత రానివాడేం కాదు. వరహాలు నాలుగు గంటలు అక్కడక్కడే బోటు తిప్పాడు, పక్క బోట్లు తిప్పాయి, దొరకలేదు. ఇంటికొచ్చి సిగరెట్టు అట్ట ముక్క ఆమె చేతిలో పెట్టాడు, ఎప్పటిలాగే, పద్నాలుగంకెలు, ఎప్పుడూ లేనిది వంకర టింకరగా. ఆమె అది ఫోన్లో ఎక్కించింది, పేరు గోపి అని పెట్టింది, ఇదివరకే ఒక గోపి ఉన్నాడు అందులో చేర్చనా అంది ఫోను, వద్దు అని నొక్కింది. ఆ పాత గోపికి ఫోన్ చేసేది. స్విచ్ ఆఫ్ అని వచ్చేది, ఏడాది వచ్చింది, తర్వాత ఒకరోజు రింగయింది, ఎత్తారు. అచ్యుతాపురం ఫాక్టరీలో పనిచేసే అబ్బాయెవరో, నంబరు వాడికిచ్చేశారట. ఆమె మాట్లాడకుండా పెట్టేసింది. తర్వాత కూడా చేసేది, ఎప్పుడైనా, మూడు నెలలకో ఆర్నెల్లకో, ఆ అబ్బాయి కసురుకునేవాడు కాదు, ఒకసారి మాత్రం, షిఫ్టులో ఉన్నానమ్మా తర్వాత చెయ్యండి అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఎన్నాళ్ళు గడిపిందో ఎవరికీ చెప్పలేదు. గోపి షిఫ్టులో ఉన్నాడు. పద్నాలుగంకెలవాడు వేరే ఎవరో. అందుకే వరహాలు చేత ఒట్టు వేయించుకుంది, ఆ తావు మీదుగా, దాని దరిదాపుల్లో కూడా బోటు పోనివ్వనని. అమ్మ రాయికి సూటి దారి సరిగ్గా ఆ అంకెల మీదనుంచే, ఆరేళ్ళుగా వరహాలు చుట్టు తిరిగి పోతున్నాడు, వెళ్ళేటప్పుడు గంటన్నర, వచ్చేటప్పుడు గంటన్నర, ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

శ్రీవల్లి కొత్త ఫోనులో ఎక్కడో లోపలికి వెళ్ళి శుభ్రం చేసే రోగాన్ని ఈమె రాయడం మొదలుపెట్టినప్పుడే ఆపేసింది. “ఇంక దానంతటది కలపదు పిన్నీ. నంబరు కలిసినా పేరు కలిసినా ఒకొక్కటీ మిమ్మల్నడుగుతాది. వొద్దనుకుంటే వొద్దని నొక్కండి.” అమ్మని సూర్యకాంతమ్మ తనే ఎక్కించింది. మిగతావాళ్ళని డైరీతో ఒక్కొక్కర్నీ పక్కన పెట్టి సరిచూసింది, ఇంకెవర్నీ తినలేదు. ఫోను అడగడం మొదలుపెట్టింది. అత్త, అమ్మ, ఒకే వ్యక్తిలా ఉన్నారు, కలపమంటారా? వద్దు. మాస్టారు, చుక్కమ్మ? వద్దు. సాయిశంకర్, నూకరాజు తాత? తాత వింటే కర్ర తీసుకుంటాడు, వద్దు. వద్దు, వద్దు, పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం దీనికి. బొటనవేలు అలవాటుగా వద్దు మీదే ఉంది, అప్పుడొచ్చింది.

గోపి, గోపి. ఈ ఇద్దరూ ఒకే వ్యక్తిలా ఉన్నారు. కలపమంటారా?

దీనికేం తెలుసు. తప్పులతడక, చివరి ఏడంకెలు చూసి మనుషుల్ని తినేసే రకం, వచ్చే నెల బాగుపడుతుందట. దానికి పేరు ఒకటే, అంతే తెలుసు. సూర్యకాంతమ్మ చూస్తూ కూచుంది. కళ్ళు మండాయి, కళ్ళనీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు. బయట ఎక్కడో ఓడ కూత పెట్టింది. వాడు షిఫ్టులో లేడు. ఆ షిఫ్టు చేస్తున్నది ఎవరి కొడుకో, పాపం మంచివాడు, ఇంక విసిగించకూడదు. వాడు ఇక్కడున్నాడు, ఈ పద్నాలుగంకెల దగ్గర, ఆరేళ్ళుగా ఒక్కడూ ఉన్నాడు, అయినవాళ్ళ బోటే చుట్టు తిరిగి పోతోంది. కలుపు అని నొక్కింది.

“పిన్నీ, అన్నీ వొద్దన్నారు, అది నొక్కీసినారేటి?” కంగారుపడింది శ్రీవల్లి. “వెనక్కి తీసీమంతారా?”

“తెలిసే నొక్కినాను,” అంది సూర్యకాంతమ్మ. ఒకటే పేరు, కింద రెండు వరసల అంకెలు. పదంకెల వరస మీద వేలు పెట్టి తనే తీసేసింది.

నాలుగు దాటి పావుగంటకి వరహాలు వచ్చాడు, నుదుటి మీద పూజ బొట్టుతో, గుమ్మంలో చెప్పులు విప్పబోయి కొట్టు కదా అని మళ్ళీ తొడుక్కున్నాడు. “ఏటే సూరీ, అందరూ వొచ్చీసినారా?”

“అందరూ వొచ్చినారు. సూసుకో.” ఫోను ఆయన చేతిలో పెట్టింది, డైరీ పేజీలు చింపి మడిచి తన దగ్గరే ఉంచుకుంది. వరహాలు జాబితా పైనుంచి కిందికి మెల్లగా తిప్పాడు, గ దగ్గర వేలు ఆగింది, రెండోవాడు ఏడని అడగలేదు గానీ ఆమె ముఖంలోకి చూశాడు.

“మావా, అమ్మ కాడికి ఈసారి సుట్టు తిరిగి ఎల్లకు. సూటిగా ఎల్లు.”

“ఒట్టు ఏయించుకున్నావు కదే.”

“ఒట్టు తీసి గట్టు మీద ఎట్టీసినాను. ఆడి మీదుంచే ఎల్లు.” చేతిలో కాగితాల్ని ఇంకో మడత పెట్టింది. “ఆపొద్దు. ఇంజను మట్టుకు కొంచెం తగ్గించు.”